పోయినవారి పేరున, దారిలో ఉన్నవారికి

క్యాన్సర్‌తో పోయిన తల్లి పేరునో భార్య పేరునో, అదే జబ్బుతో బాధపడుతున్న మరొకరికి ఓ మెత్తటి దుప్పటి, తలకు చుట్టుకునే నూలుగుడ్డ, వేడినీళ్ళ ఫ్లాస్కు, చంక కింద పెట్టుకునే చిన్న దిండు ఇవ్వడాన్ని చాలామంది అమెరికా నుంచి దిగిన పద్ధతిగా చూస్తారు. అక్కడ స్థిరపడిన పిల్లలు చూసి నేర్చుకుని ఇక్కడికి తెచ్చారని, మన వైపు చనిపోయినవాళ్ళ పేరు మీద చేసేది అన్నదానం, కాదంటే గుడికి ఫ్యాను, అంతకుమించి లేదని వాళ్ళ లెక్క. గుడి ఫ్యాను సంగతి నిజమే. రెక్కల మీద ఎర్ర రంగుతో రాసిన పేరు ఫ్యాను తిరిగినంతసేపూ కనబడదు గనక, కరెంటు పోయినప్పుడే ఆ పుణ్యాత్ముడు మనకు గుర్తొస్తాడు. కానీ హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల చరిత్రను కాస్త తవ్వి చూస్తే ఈ లెక్క నిలవదు. పోయినవారి పేరు చెప్పి, దారిన పోయేవారి కష్టాన్ని కొంత తేలిక చేయడం ఈ నేల మీద వందల ఏళ్ళ నాటి అలవాటు. ఇచ్చే వస్తువులు కూడా దాదాపు అవే. అందుకునే బాటసారి ఒక్కడే మారాడు.

ఊళ్ళ పేర్లతోనే మొదలుపెట్టవచ్చు. హిందూపురాన్ని గుత్తి పాలకుడు మురారిరావు ఘోర్పడే 18వ శతాబ్దంలో కట్టించాడని, తండ్రి హిందూరావు పేరు దానికి పెట్టాడని స్థలచరిత్ర చెబుతుంది. హిందూరావు అన్నది మనిషి పేరా, ఘోర్పడే వంశానికి వచ్చిన బిరుదా అని చరిత్రకారులు వాదించుకోవచ్చు. ఊరివాళ్ళు మాత్రం అది తండ్రి జ్ఞాపకమనే నమ్మారు. ధర్మవరం కథ ఇంకా పాతది. క్రియాశక్తి ఒడెయరు అనే ఆయన తల్లి ధర్మాంబ పేరున ఈ ఊరు వెలయించాడని, పక్కనున్న పెద్ద చెరువూ ఆయన కట్టించిందేనని అంటారు. ఒక ఊరికి తండ్రి పేరు, ఒక ఊరికి తల్లి పేరు. ఈ కథల్లో ఎంత నిజం, ఎంత కల్పన అన్నది వేరే చర్చ. తల్లి పేరు నిలబెట్టాలంటే కొడుకు ఏం చేయాలి అని అడిగితే జనం చెప్పుకున్న జవాబేమిటో చూడండి. చెరువు తవ్వించాలి. ధర్మాంబకు గోరీ కట్టించాడనో, విగ్రహం నిలిపాడనో ఎవరూ చెప్పుకోలేదు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, దేశంలోనే బాగా తక్కువ వర్షం కురిసే ప్రాంతాల్లో ఒకటైన చోట, తల్లి జ్ఞాపకం నీళ్ళ రూపం తీసుకోవడంలో వింతేమీ లేదు. దాహం ఉన్నచోట దాహం తీర్చేదే స్మారకం అవుతుంది.

ఆ అలవాటుకు శాస్త్రం కూడా ఉంది. మనవాళ్ళు సప్తసంతానాలని లెక్కబెట్టిన వాటిలో కన్నకొడుకుతో పాటు చెరువు, తోట, గుడి, కావ్యం, నిధి, అగ్రహారం ఉన్నాయి. కొడుకు తర్పణం వదిలితే ఎంత ఫలమో, చెరువులో పశువు మూతి పెడితే అంత ఫలమని ఆ లెక్క చెబుతుంది. పక్కనే కడప జిల్లా పోరుమామిళ్ళలో బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో వేయించిన శాసనం ఉంది. మంచి చెరువుకు ఏయే లక్షణాలుండాలో, ఏయే దోషాలుండకూడదో అందులో ఇంజినీరులా వివరించారు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ కాలం పట్టాయని కూడా చెక్కించారు. పుణ్యం సంపాదించడానికి కట్టిన కట్టే అయినా తూము ఎక్కడుండాలన్న విచారం ముందు పెట్టుకున్నారు. భక్తి ఉంటే కట్ట దానంతటదే నిలుస్తుందని ఎవరూ అనుకోలేదు. విజయనగర కాలపు శాసనాల్లో పదే పదే వచ్చే మాట ఒకటుంది: తల్లిదండ్రులకు పుణ్యముగాను, ఫలానా ప్రభువుకు పుణ్యముగాను అని. దానం ఇచ్చేది ఒకరు, పుణ్యం చేరేది మరొకరికి, అనుభవించేది వీళ్ళిద్దరికీ సంబంధం లేని మూడో మనిషి. స్మారక దానమంటే ఈ మూడు కొసల ముడే. ఇందులో మూడో మనిషిని మరిచిపోయినప్పుడల్లా దానం చెడింది. ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఈ ప్రాంతంలో రాయితో జ్ఞాపకం నిలిపే పద్ధతులు రెండు కనిపిస్తాయి, రెంటినీ విడదీసి చూడాలి. మొదటిది వీరగల్లు. నొళంబుల రాజధాని హేమావతి మొదలుకుని మడకశిర, హిందూపురం పొలిమేరల దాకా పశువుల కోసమో ఊరి కోసమో పోరాడి చచ్చినవాడి బొమ్మ చెక్కిన రాళ్ళు దొరుకుతాయి. అది చూడటానికి పెట్టిన రాయి. రెండోది పక్కనున్న తమిళదేశంలో బాగా తెలిసినది, సుమైతాంగి అంటారు, బరువు మోసేదని అర్థం. నిలువునా రెండు రాళ్ళు పాతి, వాటి మీద అడ్డంగా ఓ బండ వేస్తారు. మనిషి భుజం ఎత్తు ఉంటుంది. నెత్తిన మూటతో నడిచేవాడు ఎవరి సాయమూ లేకుండా మూటను ఆ బండ మీదికి జరిపి, కాసేపు ఊపిరి తీసుకుని, మళ్ళీ నెత్తికెత్తుకుని పోవచ్చు. కడుపుతో ఉండగా చనిపోయిన ఆడమనిషి పేరున ఆమె ఇంటివాళ్ళు ఈ రాళ్ళను నిలిపేవారు. దించుకోని బరువుతో పోయిందామె. ఆమె పేరున నలుగురి బరువు దిగాలి. ఇంత సూటైన స్మారకం నాకు తెలిసి మరొకటి లేదు. ఆ బండ మూటను తగ్గించదు. దారిని దగ్గర చేయదు. నాలుగు నిమిషాలు మెడకు విశ్రాంతి ఇస్తుంది, అంతే. క్యాన్సర్ వార్డులో ఇచ్చే దుప్పటి చేసేది కూడా సరిగ్గా అంతే. వేసవిలో పెట్టే చలివేంద్రం, రచ్చచెట్టు చుట్టూ వేసిన అరుగు, మైలు మైలుకూ నాటిన చింతచెట్టు ఈ కుటుంబానివే.

ఇక వస్తువుల జాబితా సంగతి. చావు జరిగిన ఇంట పదకొండో రోజు, పన్నెండో రోజు ఇచ్చే దానాలను ఒకసారి గుర్తుచేసుకోండి. గరుడపురాణం పదదానం అని చెప్పేదాంట్లో ఏడున్నాయి: గొడుగు, చెప్పులు, బట్ట, ఉంగరం, కమండలం, కూర్చునే పీట, పాత్రలు. దానికి తోడు శయ్యాదానం, అంటే మంచం, పరుపు, దుప్పటి, దిండు. తర్వాత నెలనెలా నీళ్ళ కుండ. ఇందులో బంగారపు ఉంగరాన్ని పక్కన పెడితే మిగిలినదంతా దూరప్రయాణం చేసే బలహీనుడికి కావలసిన సామాను. పురాణం చెప్పే కారణం కూడా అదే. పోయినవాడు యమపురి దారిలో నడుస్తున్నాడు. పైన ఎండ, కింద కాలే ఇసుక, ముళ్ళు, దాహం. గొడుగు ఇస్తే నీడలో నడుస్తాడు, చెప్పులిస్తే కాలు కాలదు, కుండ ఇస్తే గొంతు తడుస్తుంది. నరకాన్ని నమ్మనివాడు కూడా ఈ ఊహలోని మనుషుల తీరును కొట్టేయలేడు. వాడి పాపాన్ని రద్దు చేయమని ఈ దానాలు అడగవు, ప్రయాణాన్ని ఆపమనీ అడగవు. నడక తప్పదు, నడిచేవాడికి కాస్త హాయి ఉంటే చాలు అంటాయి. తెలుగువాడికి ఇష్టులు చనిపోగానే మొదట వచ్చే ఆలోచన వాళ్ళకు దుప్పటి ఉందా, దాహమవుతోందా అన్నది. బతికుండగా ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని అడిగిన ప్రశ్నే అది. కీమోథెరపీ తీసుకునేవాళ్ళకిచ్చే సంచిలో ఏమేం పెట్టాలో రాసుకుంటూ పోతే దుప్పటి, దిండు, మెత్తటి చెప్పులు, తలగుడ్డ, నీళ్ళ సీసా వస్తాయి. ఆ జాబితాను అమెరికా నుంచి తెచ్చుకోవలసిన అవసరం మనకు లేదు.

పెనుకొండలో ఇదే మాటను మరో భాషలో వినవచ్చు. 1565 యుద్ధం తర్వాత విజయనగరపు రాజధాని ఇక్కడికి తరలివచ్చిందని అందరూ చెబుతారు గానీ, సాధారణ జనానికి ఈ ఊరు బాబయ్య దర్గా ఊరు. ఉరుసుకు వచ్చేవాళ్ళలో హిందువులు, ముస్లింలు ఇద్దరూ ఉంటారు. చనిపోయినవాళ్ళకు చేరాలని చేసే దానాన్ని ముస్లింలు ఈసాలె సవాబ్ అంటారు. ఒకసారి చేసి మరిచిపోకుండా పారుతూ ఉండే దానాన్ని సదఖా జారియా అంటారు. తల్లి పోయిన ఒక శిష్యుడు ఆమె పేరున ఏ దానం మేలని ప్రవక్తను అడిగితే నీళ్ళని జవాబొచ్చిందని, ఆయన బావి తవ్వించాడని హదీసుల్లో ఉంది. ధర్మాంబ కొడుకు చెరువూ ఆ బావీ పక్కపక్కన పెట్టదగ్గవి.

ఇక్కడ ఒక అభ్యంతరానికి తలవంచాలి. ఈ పాత దానాలన్నీ అందరివీ కావు. చలివేంద్రంలో కొందరికి చెంబు చేతికిచ్చారు, కొందరికి దోసిట్లోకి పైనుంచి పోశారు. చెరువుకు కట్ట ఒకటే అయినా రేవులు వేరు. 1927లో మహద్‌లో అంబేడ్కర్ చెరువు నీళ్ళు తాగడమే ఒక పోరాటం కావలసి వచ్చిందంటే, పుణ్యముగాను అని శాసనం వేయించిన చెరువుల్లో మూడో మనిషి ఎవరో ముందే తేల్చిపెట్టారని అర్థం. శయ్యాదానం మంచం వెళ్ళేదీ ఒక్క కులం ఇంటికే. కాబట్టి నేను ఆ సంప్రదాయాన్ని ఉన్నదున్నట్టు నెత్తికెత్తుకోమనడం లేదు. ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి వార్డులో పక్కపక్క మంచాల మీద ఎవరు పడుకోవాలో కులం తేల్చదు. బరువు దించే బండ అందరి భుజాలకూ అందే ఎత్తులో ఉండగలిగిన చోటు అది. పాత ఆచారం తాను చెప్పిన మాటకు తాను కట్టుబడే అవకాశం ఇన్నాళ్ళకు వచ్చింది.

ఆస్పత్రి కట్టడం కూడా మనకు కొత్తేమీ కాదు. రుద్రమదేవి కాలంలో, 1261లో వేసిన మల్కాపురం శాసనంలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల ప్రస్తావన ఉంది. అయితే క్యాన్సర్ విషయంలో ఒక విశేషం గమనించాలి: దేశంలోని పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లో కొన్నిటి వెనక ఒక ఇంటి దుఃఖం ఉంటుంది. మెహర్‌బాయి టాటా 1931లో రక్తక్యాన్సర్‌తో పోయింది. మరుసటేడు భర్త దొరాబ్జీ ఆమె పేరున ధర్మనిధి ఏర్పాటు చేసి తానూ వెళ్ళిపోయాడు. బొంబాయిలో టాటా మెమోరియల్ 1941లో తెరుచుకుంది. ముత్తులక్ష్మి రెడ్డి తన చెల్లెలు క్యాన్సర్‌తో పోవడాన్ని కళ్ళారా చూసింది. ఆ పట్టుదలే 1954లో మద్రాసు అడయారులో 12 పడకల ఆస్పత్రి అయింది. అనంతపురం జిల్లా మద్రాసు రాష్ట్రం నుంచి విడిపోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. బెంగళూరులో 1973లో మొదలైన కిద్వాయి ఆస్పత్రి కేంద్రమంత్రి రఫీ అహ్మద్ కిద్వాయి స్మారకం. ఇక హిందూపురం వాళ్ళకు చెప్పనక్కరలేని కథ మరొకటి ఉంది. 1985లో ఎన్.టి. రామారావు హిందూపురం నుంచి శాసనసభకు ఎన్నికైన ఏడాదే ఆయన భార్య బసవతారకం క్యాన్సర్‌తో మరణించింది. ఆమె పేరున హైదరాబాదులో ఆస్పత్రి కట్టాలన్న ఆయన కోరిక ఆయన పోయిన నాలుగేళ్ళకు, 2000 జూన్ 22న ప్రధాని వాజపేయి చేతుల మీదుగా తీరింది. ఆ ఆస్పత్రి పాలకమండలికి అధ్యక్షుడిగా ఉన్న కొడుకు బాలకృష్ణ 2014 నుంచి అదే హిందూపురానికి శాసనసభ్యుడు. తల్లి పేరున చెరువు తవ్వించిన క్రియాశక్తి ఒడెయరు కథకు ఇంత దగ్గరగా వచ్చే ఆధునిక ఉదాహరణ ఈ మూడు ఊళ్ళకు ఇంకొకటి లేదు.

దీన్ని చూపించే కొందరు గట్టి అభ్యంతరం చెబుతారు. చేస్తే ఆస్పత్రి కట్టాలి, యంత్రం కొనివ్వాలి, ఒక పేదవాడి వైద్యానికి డబ్బివ్వాలి; దుప్పట్లు, దిండ్లు పంచి తృప్తి పడటం మనసును మభ్యపెట్టుకోవడం కాదా అని. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయకూడదు. కానీ ఈ ప్రాంతంలో వైద్యపు ఖర్చు ఎక్కడ పడుతోందో చూడాలి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదట మూడు జిల్లాల్లోనే మొదలైంది, వాటిలో ఉమ్మడి అనంతపురం ఒకటి. అప్పటినుంచి తెల్లకార్డు ఉన్న ఇంటికి ఆపరేషన్, కీమో, రేడియేషన్ బిల్లులో పెద్ద భాగం ప్రభుత్వం మీదికి వెళ్ళింది. ఇంటి మీద మిగిలింది దారి. హిందూపురానికి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. హైదరాబాదు దానికి మూడింతలకు మించిన దూరం. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మూడూ బెంగళూరు రైలుమార్గం మీద వరసగా ఉన్నాయి. రేడియేషన్ అంటే వారానికి ఐదు రోజుల చొప్పున వారాల తరబడి సాగే చికిత్స. మనిషి వెంట మరో మనిషి ఉండాలి, ఇద్దరి కూలీ పోవాలి. మగ్గం ఆగితే నేతగాడికి ఆ రోజు కూలీ లేదు. వైద్యానికి డబ్బిచ్చేవాళ్ళు వైద్యం జరిగే గది దాకానే చూస్తారు. ఆ గదికి చేరే దారి, ఆ గది బయట చెట్టు కింద పడుకున్న రాత్రి, తిరుగు ప్రయాణంలో వాంతులు, ఇవి ఏ పథకంలోనూ పూర్తిగా పట్టవు. కిద్వాయి ఆవరణలో ఇన్ఫోసిస్ ఫౌండేషన్ ధర్మశాల కట్టించిందంటే కారణం అదే. పాత సత్రం మళ్ళీ అవసరపడింది. సత్రం కట్టగలిగినవాళ్ళు కట్టనీ. లేనివాళ్ళు సుమైతాంగి నిలిపేవారు. ఆ రోజుల్లో అందుకు ఎవరూ వాళ్ళను తప్పుపట్టలేదు.

తలగుడ్డ విషయం కాస్త ఆగి చెప్పాలి. కీమో మందుకు జుట్టు రాలడం ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే, కానీ బోడితల అర్థం ఎక్కడికక్కడ వేరు. మన దగ్గర గుండు మొక్కుకు గుర్తు. కదిరి నరసింహుడికో తిరుమల వెంకన్నకో తలనీలాలిచ్చి వచ్చినవాడి గుండు ఊరంతా చూసి దండం పెడుతుంది. అదే గుండు చావు జరిగిన ఇంటి కొడుక్కి దుఃఖచిహ్నం. ఆడమనిషికైతే ఇంకా క్రూరమైన చరిత్ర ఉంది. కొన్ని కులాల్లో విధవకు జుట్టు తీయించిన రోజులు మన ముత్తవ్వల కాలం నాటివే. కాబట్టి మందుకు జుట్టు రాలిన ముత్తైదువ అద్దంలో చూసేది ఒక్క జబ్బును కాదు. పెళ్ళికో పేరంటానికో పిలుపు వచ్చినప్పుడు ఆమె ఇంట్లోనే ఉండిపోతుంది. ఈ జబ్బు పేరు బయటికి పలకడానికే జంకే ఇళ్ళు మనవి. ఒకప్పుడు రాచపుండు అన్నారు, పుట్టకురుపు అన్నారు, ఇప్పుడు ‘పెద్ద జబ్బు’ అని గొంతు తగ్గిస్తారు. అలాంటి చోట మెత్తటి నూలు తలగుడ్డ ఒంటికి ఇచ్చే హాయి కంటే ఎక్కువ పని చేస్తుంది, గడప దాటిస్తుంది. ధర్మవరం పేరు వినగానే పట్టు గుర్తొస్తుంది గానీ ఈ పనికి పట్టు పనికిరాదు. జారుతుంది, ఉడుకుతుంది. బాగా ఉతికి మెత్తబడిన నూలే కావాలి. ఇంకో సంగతి: తిరుమలలో భక్తులిచ్చే జుట్టును దేవస్థానం వేలం వేస్తుంది, అది విగ్గులై విదేశాలకు పోతుంది. ప్రపంచంలో ఎక్కడో ఒక రోగి తల కప్పుతున్న జుట్టు మన వైపు నుంచి వెళ్ళి ఉండవచ్చు. ఇక్కడి రోగి కొంగు లాక్కుంటుంది.

అయితే హాయి అన్న మాటను దుప్పటికి కుదించడం అన్యాయం. క్యాన్సర్ ముదిరిన మనిషికి అన్నిటికంటే పెద్ద హాయి నొప్పి తగ్గడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మెట్లుమెట్లుగా మందులెలా వాడాలో చెప్పింది. పై మెట్టు మీద ఉన్నది మార్ఫిన్. మన దేశంలో అంతకు ముందు ఏడాది, 1985లో వచ్చిన మత్తుమందుల చట్టం మార్ఫిన్‌ను ఎన్ని లైసెన్సుల వెనక పెట్టిందంటే ఆస్పత్రులు దాన్ని నిల్వ ఉంచుకోవడమే మానుకున్నాయి. 2014లో చట్టం సవరించేదాకా దాదాపు మూడు దశాబ్దాలు లక్షల మంది ఆ నొప్పితోనే పోయారు. బసవతారకం పోయిన ఏడాదే ఆ చట్టం రావడం కాకతాళీయమే అయినా, ఆ కాలపు రోగులు ఏ స్థితిలో ఉన్నారో అది చెబుతుంది. నొప్పికి మందు లేకుండా దిండు ఇవ్వడం కాలుతున్నవాడికి విసనకర్ర ఇవ్వడం లాంటిది. బెంగళూరులో 1999 నుంచి నడుస్తున్న కరుణాశ్రయ వంటి చోట, తుది దశ రోగులను డబ్బు తీసుకోకుండా చూసుకునే చోట, మందూ దుప్పటీ రెండూ ఒకే చేతితో ఇస్తారు. కాబట్టి దుప్పట్లు పంచి తృప్తి పడకూడదన్న అభ్యంతరంలో నిజముంది. దుప్పటి ఇచ్చేవాడు మార్ఫిన్ గురించి కూడా అడగాలి, తన ఊరి ప్రభుత్వాస్పత్రిలో అది దొరుకుతోందా అని. పోరుమామిళ్ళ శాసనం తూము గురించి అడిగినట్టు.

ఇంకో అభ్యంతరం డాబు గురించి. ఇది మన కళ్ళముందు రోజూ జరిగేదే. నాయకుడి పుట్టినరోజు, నాయకుడి తండ్రి వర్ధంతి, ఏదైనా సరే ప్రభుత్వాస్పత్రికి పదిమంది వెళ్ళి, మంచం మీదున్న మనిషి చేతిలో రెండు అరటిపళ్ళు, ఒక రొట్టె పెట్టి ఫొటో దిగుతారు. మరునాడు జిల్లా పేజీలో ఆ రోగి ముఖం వస్తుంది, పేరు మాత్రం రాదు. పేర్లన్నీ ఇచ్చినవాళ్ళవే. దీన్ని చూసి కొందరు అసలు పేరు చెప్పి చేసే దానమే వద్దంటారు. అది అతి. పేరు లేకుండా ఈ సంప్రదాయమే లేదు, శాసనాలన్నీ పేర్లే. కానీ శాసనం పేరును ఎక్కడ చెక్కింది? కట్ట మీద చెక్కింది, బండ మీద చెక్కింది. నీళ్ళు తాగినవాడి నుదుటి మీద చెక్కలేదు. చెరువుకు వచ్చిన మనిషి రాయి చదివినా చదవకపోయినా నీళ్ళు తాగి పోయేవాడు, కట్టించినవాడి ముందు నిలబడి దండం పెట్టవలసిన పని ఉండేది కాదు. పళ్ళ పంపిణీలో రోగే రాయి అయిపోయాడు. దాత పేరు చెక్కడానికి ఆస్పత్రి గోడ ఉంది, సంచులు ఉంచే అల్మరా తలుపు ఉంది. రోగి ముఖాన్ని వదిలేయాలి.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం చివరికి ఉంచాను. ఇది పుస్తకాల్లో కాదు, వంటింట్లో వినబడేది. చచ్చినవాళ్ళ పేరున ఇచ్చిన వస్తువు తీసుకోకూడదు. పదకొండో రోజు దానం పట్టడానికి బ్రాహ్మణులే జంకేవారు. శయ్యాదానం పట్టినవాళ్ళను ఊరు వేరుగా చూసేది. ఆ మంచంతో పాటు ఇంకేదో అంటుకొస్తుందన్న భయం అది. ఇక అదే జబ్బుతో పోయిన మనిషి పేరు చెప్పి, అదే జబ్బున్న మనిషికి దుప్పటి ఇస్తే ఆ మనిషి గుండె ఏమవ్వాలి? ‘మా అమ్మకీ ఇదే క్యాన్సర్, పోయింది, ఆమె జ్ఞాపకంగా’ అన్న మాట వినడం రోగికి వరమా, శిక్షా? దీన్ని మూఢనమ్మకమని కొట్టేయడం సులువు. కానీ భయపడేది మంచం మీదున్న మనిషి. ఆ భయం తప్పా ఒప్పా అని వాదించే హక్కు ఆరోగ్యంగా ఉన్నవాడికి లేదు. దీనికి జవాబు మళ్ళీ పాత ఆచారంలోనే ఉంది. కుండ రెండు రకాలుగా ఇచ్చేవారు. తద్దినం నాడు చేతికిచ్చే కుండ ఒకటి, దాన్ని పుచ్చుకోవడానికి మనిషి భయపడ్డాడు. దారి పక్కన పందిరి కింద పెట్టిన కుండ ఇంకొకటి, దాంట్లో నీళ్ళు తాగడానికి ఎవరూ భయపడలేదు. రెండూ ఒకే చావును తలచి పెట్టినవే కావచ్చు. ఒకటి ముఖాముఖి చేతులు మారింది, మంత్రంతో మారింది. రెండోది ఎవరిదో తెలియకుండా, ఎవరికో తెలియకుండా దారిలో ఉంది. సుమైతాంగి కూడా అంతే. కడుపుతో పోయిన మనిషి రాయి మీద మూట దించుకుంటే అరిష్టమని ఏ బాటసారీ అనుకోలేదు. కాబట్టి జ్ఞాపకం ఇచ్చేవాడి దగ్గరే ఉండాలి. వస్తువు వార్డు నర్సు చేతికి వెళ్ళాలి. రోగికి తెలియవలసింది ఇది కొత్తది, ఉతికినది, నీ కోసం ఉంది అన్నంతవరకే.

ఇవ్వదలుచుకున్నవాళ్ళకు నాలుగు మాటలు. పోయినవారు వాడిన బట్టలు వద్దు. కీమో తీసుకునేవాళ్ళకు రోగనిరోధక శక్తి బాగా తగ్గి ఉంటుంది గనక పూలు, కోసిన పళ్ళు, ఇంట్లో చేసిన తినుబండారాలు అడగకుండా తీసుకెళ్ళకండి. వాసన వచ్చే నూనెలు, సబ్బులు వద్దు. మందు పడినవాళ్ళకు మల్లెపూల వాసనకే కడుపులో తిప్పుతుంది. నూలుగుడ్డ, ముందు వైపు గుండీలున్న చొక్కా, పలచటి దుప్పటి, మూత గట్టిగా పట్టే నీళ్ళ సీసా, ప్రయాణంలో వాంతులకు మందపాటి సంచులు, పెదవులకు వాసెలిన్, ఇవి చాలు. ఏవి ఎన్ని కావాలో ముందు వార్డులో అడిగి, తర్వాతే కొనండి. అలాగే ఆస్పత్రి దాకా వెళ్ళలేని దాతలు బెంగళూరు రైలు కోసం హిందూపురం, పెనుకొండ, ధర్మవరం స్టేషన్లలో చలిలో కూర్చునే వాళ్ళను కూడా లెక్కలోకి తీసుకోండి. అమ్మ పేరున ఏటా ఒక పది దుప్పట్లు ఇవ్వగలిగితే ఇవ్వండి. వాటి మీద మాత్రం పేరు అచ్చు వేయించకండి.